నీళ్లు పడలేదా, పాలు పడలేదా?

చదువు కోసమో ఉద్యోగం కోసమో ఊరు మారిన వాళ్లకు మొదటి నెలల్లో కడుపు బాగోకపోతే మన ఇళ్లలో అనే మాట ఒకటే: "కొత్త నీళ్లు పడలేదు." దక్షిణ ఢిల్లీలోని మునిర్కాలో ఈ మాట తెలుగులో వినిపించడం కొత్తేమీ కాదు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న ఈ పాత ఊరు ఎప్పుడో నగరంలో కలిసిపోయింది. ఇరుకు గల్లీలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డ మేడలు, ఎటు చూసినా అద్దె గదులు. విశ్వవిద్యాలయంలో చదివేవాళ్లు, సివిల్స్‌కు తయారయ్యేవాళ్లు, కొత్తగా కొలువులో చేరినవాళ్లు ఈ గదుల్లోనే ఉంటారు. ఇంటి దగ్గర రెండు పూటలా అన్నం, చివర్లో పెరుగు. ఇక్కడ పొద్దున్నే మదర్ డెయిరీ పాలు ఒక పెద్ద గ్లాసుడు, మధ్యాహ్నం రొట్టెలు, రాత్రికి మళ్లీ రొట్టెలు. నెల తిరక్కుండానే పొట్ట ఉబ్బరం, గుడగుడలు, విరేచనాలు. నింద మాత్రం నీళ్ల మీదే.

నీళ్ల మీద నింద పూర్తిగా అన్యాయం కాదు. కలుషితమైన నీటిలోని సూక్ష్మజీవులు విరేచనాలు తెస్తాయి. అయితే అలాంటివి చాలావరకు కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. నెలలు గడిచినా తగ్గని ఇబ్బందికి మరో ఇద్దరు అనుమానితులున్నారు. ఒకటి పాలు, రెండోది గోధుమ. ఈ రెండింటి గురించీ మన దేశంలో మంచి పరిశోధనలు జరిగాయి, వాటిలో ముఖ్యమైనవి మునిర్కాకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అంటే ఎయిమ్స్ పరిశోధకులు చేసినవే. వాటి సంగతి తెలియాలంటే ముందు తిన్నది ఎలా అరుగుతుందో, ఎలా ఒంటికి పడుతుందో చూడాలి.

అరుగుదల అనగానే అందరికీ జీర్ణాశయం గుర్తొస్తుంది. పేరు దానిది కాబట్టి కీర్తి కూడా దానికే దక్కింది. నిజానికి జబ్బు చేసి జీర్ణాశయం మొత్తం తీసేసినా, కొన్ని జాగ్రత్తలతో, బి12 ఇంజెక్షన్లతో మనిషి బతుకుతాడు. చిన్నపేగు పూర్తిగా పోతే మాత్రం నోటితో తిని బతకడం సాధ్యం కాదు. నోరు, జీర్ణాశయం చేసేది సిద్ధం చేసే పని. అన్నం ముద్దను మింగకుండా కాసేపు నములుతూ ఉంటే తియ్యబడుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థపు పొడవాటి గొలుసులను చిన్న చక్కెరలుగా తుంచడం వల్ల వచ్చే తీపి అది. జీర్ణాశయంలో హైడ్రోక్లోరికామ్లం ఆ ఎంజైమును ఆపేస్తుంది. అక్కడ పెప్సిన్ ప్రొటీన్ల పని పడుతుంది. పాలు ఈ ఆమ్లానికి విరిగిపోతాయి. గ్లాసులో ఎంత చిక్కటి పాలు తాగినా జీర్ణాశయం దాటేవి విరిగిన పాలే.

అక్కడి నుంచి చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి ఆహారం కొద్దికొద్దిగా జారుతుంది. క్లోమరసంలోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని విరిచేస్తుంది. కాలేయం నుంచి వచ్చే పైత్యరసం సబ్బులాగా కొవ్వును సన్నటి బిందువులుగా చెదరగొడుతుంది, లైపేజ్ వాటిని విడగొడుతుంది. ప్రొటీన్లను కోసే ట్రిప్సిన్‌ను క్లోమం నిద్రావస్థలో తయారుచేసి పంపుతుంది, దాన్ని మేల్కొలిపే ఎంజైము పేగు గోడలో ఉంటుంది. లేకపోతే క్లోమం తనను తానే అరిగించుకునేది. క్లోమం వాచే జబ్బులో జరిగేది దాదాపు అదే.

ఇంత జరిగినా చక్కెరల పని ఇంకా పూర్తి కాదు. అన్నంలోని పిండిపదార్థం ఇప్పటికి మాల్టోజ్ వంటి చిన్న ముక్కలైంది. పంచదారలోని సుక్రోజ్, పాలలోని లాక్టోజ్ మాత్రం తాగినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఇవన్నీ జంట చక్కెరలు. పేగు గోడ ఒంటి చక్కెరలనే లోపలికి రానిస్తుంది: గ్లూకోజ్, గెలాక్టోజ్, ఫ్రక్టోజ్. జంటను విడదీసే ఎంజైములు రసాల్లో తేలుతూ ఉండవు. పేగు గోడ కణాల మీదే పాతుకుని ఉంటాయి. మాల్టోజ్‌కు మాల్టేజ్, సుక్రోజ్‌కు సుక్రేజ్, లాక్టోజ్‌కు లాక్టేజ్. మన కథ అంతా ఈ గోడ మీదే నడుస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

చిన్నపేగు లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. భౌతికశాస్త్రం చదివిన వాళ్లకు ఇలాంటి అంకె కనబడితే లెక్క వేయకుండా ఉండబుద్ధి కాదు. బతికున్న మనిషిలో చిన్నపేగు సుమారు 3 మీటర్లు ఉంటుంది (కండరాలు పూర్తిగా సడలిన శవపరీక్షలో ఆరు మీటర్ల దాకా సాగుతుంది, పుస్తకాల్లో కనిపించే పెద్ద అంకె అక్కడిది). వ్యాసం 2.5 సెంటీమీటర్లు అనుకుందాం. నునుపైన గొట్టమే అయితే లోపలి వైశాల్యం పావు చదరపు మీటరు కూడా రాదు. కానీ గోడకు మడతలున్నాయి. మడతల మీద ఆంత్రచూషకాలు అనే సన్నటి వేళ్లలాంటివి ఉన్నాయి. ఒక్కో ఆంత్రచూషకాన్ని కప్పిన కణాల మీద మళ్లీ కుచ్చులాగా సూక్ష్మచూషకాలున్నాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు హెలాండర్, ఫాండ్రిక్స్ వీటన్నిటినీ తిరిగి కొలిచారు. మడతల వల్ల 1.6 రెట్లు, ఆంత్రచూషకాల వల్ల ఆరున్నర రెట్లు, సూక్ష్మచూషకాల వల్ల 13 రెట్లు. అన్నీ గుణిస్తే సుమారు 30 చదరపు మీటర్లు తేలింది. టెన్నిస్ కోర్టు కాదు, బ్యాడ్మింటన్ కోర్టులో సగం కూడా నిండదు. అయినా పావు చదరపు మీటరు చోటులో వంద రెట్లకు పైగా ఇమిడ్చిన పొదుపు అది.

ఈ గోడ ద్వారా రోజూ వెళ్లే సరుకులో తిండి కంటే నీరే ఎక్కువ. మనం తాగేది సుమారు 2 లీటర్లయితే లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు రసాలు కలిపి ఒళ్లు తానే మరో 7 లీటర్లు పేగులోకి వదులుతుంది. ఈ 9 లీటర్లలో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే. మిగిలినదంతా తిరిగి లోపలికి వస్తుంది, అందులో సింహభాగం చిన్నపేగులోనే. అందుకే పేగు గోడ రెండు రోజులు పని మానేస్తే పసిపిల్లల ప్రాణం మీదికి వస్తుంది.

నీటిని నేరుగా తోడే మోటారు ఏదీ పేగులో లేదు. గోడ కణాలు సోడియంను వెనుక వైపు నుంచి రక్తంలోకి నెడుతూ తమ లోపల దాన్ని తక్కువగా ఉంచుకుంటాయి. దాంతో పేగులోని సోడియం లోపలికి రావాలని చూస్తుంది. గోడ మీదున్న ఒక ప్రొటీన్ ద్వారం ఆ రాకకు షరతు పెడుతుంది: రెండు సోడియం అయాన్లు వస్తే వెంట ఒక గ్లూకోజునో గెలాక్టోజునో తీసుకురావాలి. ఇవి లోపలికి పోతే వాటి వెనకే నీరు పోతుంది. ఈ జోడీ సంగతిని 1960లో ప్రాగ్‌లో జరిగిన సమావేశంలో రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ప్రతిపాదించారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని నోటి ద్వారా తాగించి వేలమందిని నిలబెట్టింది ఈ ద్వారం దయవల్లనే. కలరా క్రిమి ఎంత విజృంభించినా ఆ ద్వారాన్ని మూయలేదు. ఓఆర్ఎస్ పొట్లంలో చక్కెర రుచి కోసం వేసింది కాదు. అది లేకపోతే ఉప్పు లోపలికి పోదు, ఉప్పు పోకపోతే నీరు పోదు.

ఇక పాల సంగతి. పుట్టిన ప్రతి బిడ్డకూ లాక్టేజ్ సమృద్ధిగా ఉంటుంది. తల్లిపాలు మానే వయసు దాటాక చాలామందిలో అది క్రమంగా తగ్గిపోతుంది. ప్రపంచ జనాభాలో ఎక్కువమంది పరిస్థితి ఇదే, మిగతా క్షీరదాలన్నిటిదీ ఇదే. కాబట్టి దీన్ని లోపం అనడం నాకు సబబుగా తోచదు. పెద్దయ్యాక కూడా లాక్టేజ్ తగ్గకపోవడమే తర్వాత వచ్చిన మార్పు.

పావు లీటరు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. అది విడిపోకుండా పేగులో మిగిలిపోతే ఏమవుతుంది? లాక్టోజ్ అణుభారం 342. అంటే 12 గ్రాములు 0.035 మోల్. పేగులోని ద్రవం రక్తంతో సమానమైన గాఢతకు, అంటే లీటరుకు 0.29 మోల్‌కు దగ్గరగా ఉండాలి. ఆ మేరకు లాక్టోజ్ తన చుట్టూ 120 మిల్లీలీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది. పరీక్షల కోసం ఇచ్చే 50 గ్రాముల మోతాదైతే అర లీటరు. ఈ నీరంతా పెద్దపేగులోకి దిగుతుంది. అక్కడ బాక్టీరియా లాక్టోజ్‌ను పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులు వదులుతుంది. కొందరిలో మీథేన్ కూడా. ఉబ్బరం, గుడగుడలు వీటివల్లే. ఈ హైడ్రోజన్‌లో కొంత రక్తంలో కలిసి ఊపిరితో బయటికి వస్తుంది. మన కణాలేవీ హైడ్రోజన్ వాయువును తయారుచేయవు కాబట్టి, పాలు పడతాయో లేదో ఊపిరిని కొలిచి చెప్పేయవచ్చు.

1981లో ఎయిమ్స్‌కు చెందిన ఆర్.కె. టాండన్, సహచరులు ఆరోగ్యవంతులకు లాక్టోజ్ లేదా పాలు తాగించి చేసిన పరీక్షల ఫలితాలు ప్రచురించారు. ఢిల్లీ కేంద్రంలో పరీక్షించిన వారిలో 27.4 శాతం మందికి లాక్టోజ్ పడలేదు. తిరువనంతపురం, పుదుచ్చేరి కేంద్రాల్లో ఆ సంఖ్య 66.6 శాతం. ఆ రెండు కేంద్రాలూ తెలుగు నేల మీదివి కావు, కాబట్టి ఆ అంకెను మనకు యథాతథంగా అంటించలేం. కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ పాలుపంచుకున్న అంతర్జాతీయ బృందం జన్యువుల్లో ఇదే బొమ్మను చూసింది. లాక్టేజ్‌ను పెద్ద వయసులోనూ పనిచేయించే మార్పు ఆ జన్యువులో ఉండదు. దాని పొరుగు జన్యువులో, సుమారు 14 వేల డీఎన్ఏ అక్షరాల దూరంలో, ఒక్క అక్షరం తేడాగా ఉంటుంది. 2,284 మంది భారతీయుల నమూనాల్లో ఈ మార్పు వాయవ్యాన ఎక్కువగా ఉండి, ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తగ్గుతూ పోయింది. పైగా అది యూరప్ వాసుల్లో కనిపించే మార్పే, ఒకే పూర్వ మూలం నుంచి వచ్చినదే.

అంటే హర్యానా మిత్రుడు లీటరు పాలు గటగటా తాగి హాయిగా తిరుగుతుంటే పక్క మంచం తెలుగు కుర్రాడు పొట్ట పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. అతను పాలకు పూర్తిగా దండం పెట్టాల్సిన పని కూడా లేదు. లాక్టేజ్ తగ్గినవాళ్లలో చాలామంది ఒక గ్లాసు పాలను, ముఖ్యంగా తిండితో పాటు తీసుకుంటే, తట్టుకుంటారని పరిశోధనలు చెబుతున్నాయి. పరగడుపున పెద్ద గ్లాసుతోనే చిక్కు. పెరుగు సంగతి మరీ బాగుంటుంది. తోడు పెట్టినప్పుడు బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తానే తినేస్తుంది. మిగిలినదాన్ని, పెరుగుతో పాటు మన పేగులోకి చేరిన బాక్టీరియా ఎంజైమే విడగొడుతుందని 1984లో అమెరికాలో చేసిన ప్రయోగాలు చూపించాయి. పాలు పడని నేలలో పెరుగన్నం లేనిదే భోజనం ముగియకపోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఇది నా ఊహ మాత్రమే.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. లాక్టేజ్ ఆంత్రచూషకాల కొనల దగ్గర ఎక్కువగా ఉంటుంది. పేగుకు ఏ దెబ్బ తగిలినా ముందు పోయేవి ఆ కొనలే. రోటా వైరస్ విరేచనాలు తగ్గాక కూడా పిల్లలకు కొన్నాళ్లు పాలు పడకపోవడం ఇందువల్లే. దీనికి తల్లిపాలు ఆపకూడదు, పేగు కోలుకోగానే లాక్టేజ్ తిరిగి వస్తుంది. ఈ వైరస్‌కు మన దేశం తయారుచేసుకున్న టీకాకు మూలమైన 116ఇ రకం 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన శిశువుల్లో దొరికింది. టీకాగా రూపొందింది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌లో. 2016లో ప్రభుత్వం రోటా టీకాను మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

రెండో అనుమానితురాలు గోధుమ. ఇక్కడ విషయం మరింత గంభీరం. పాలు పడకపోతే ఇబ్బందే తప్ప పేగుకు గాయం కాదు. గోధుమతో కొందరికి పేగు గోడే దెబ్బతింటుంది. దీన్ని సీలియాక్ వ్యాధి అంటారు. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ ప్రొటీన్ మన ఎంజైములకు పూర్తిగా లొంగదు. అందులో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ఉన్నచోట కత్తి సరిగా తెగదు. 33 అమైనో ఆమ్లాల పొడవున్న ఒక ముక్క జీర్ణరసాలన్నిటినీ తట్టుకుని నిలుస్తుందని 2002లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు చూపించారు. చాలామందికి దీనివల్ల ఏమీ కాదు. ప్రత్యేక జన్యు రకాలున్న కొందరిలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ ఆ ముక్కను శత్రువుగా పొరబడి పేగు మీద దాడికి దిగుతుంది. ఆంత్రచూషకాలు అరిగి, నున్నగా అయిపోతాయి. 30 చదరపు మీటర్ల గోడ కుంచించుకుపోతుంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం ఒంటికి పట్టవు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తహీనత తగ్గదు. కొందరికి విరేచనాలే ఉండవు, బయటికి కనబడేది ఆ రక్తహీనత ఒక్కటే.

ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతాల్లో ఎయిమ్స్ వైద్యుడు గోవింద్ మఖారియా బృందం చేసి 2011లో ప్రచురించిన సర్వేలో ప్రతి 96 మందిలో ఒకరికి సీలియాక్ ఉన్నట్టు తేలింది. 2016లో ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23 వేలకు పైగా పెద్దవాళ్లను పరీక్షించారు. ఉత్తరాన 1.23 శాతం, ఈశాన్యాన 0.87 శాతం, దక్షిణాన 0.10 శాతం. దక్షిణాదిలో ఆ జన్యువులు అరుదేమో అనిపిస్తుంది కదా? కాదు. వ్యాధికి అవకాశమిచ్చే జన్యు రకాలు ఉత్తరాన 38.1 శాతం మందిలో ఉంటే దక్షిణాన 36.4 శాతం మందిలో ఉన్నాయి. తేడా అల్లా కంచంలో ఉంది. గోధుమ వాడకం ఉత్తరాన సగటున రోజుకు 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. అయితే ఈశాన్యంలోనూ గోధుమ 37 గ్రాములే, అక్కడ వ్యాధి మాత్రం తక్కువేమీ కాదు. కాబట్టి లెక్క అంత సూటిగా తేలదు. అయినా నాకు ఇందులో ముఖ్యంగా కనబడేది ఒకటే: మన దగ్గర మూడో వంతు మందిలో ఉన్న ఈ జన్యువులకు పని చెప్పేంత గోధుమ ఇంతకాలం మన కంచంలోకి రాలేదు. మునిర్కాకు వచ్చినవాళ్ల కంచం మారింది. తెలుగు ఊళ్లలోనూ రాత్రిపూట చపాతీ మామూలైపోయింది. ఈ జన్యువులున్న వాళ్లలోనూ చాలామందికి వ్యాధి రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఆంత్రచూషకాలు అరిగిపోయే మరో జబ్బు తెలుగువాళ్ల చరిత్రలో ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరూ కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధితో చనిపోయారు. సుబ్బారావుకూ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. స్ప్రూలో గ్లూటెన్ ప్రమేయం లేదు. ఉష్ణమండల దేశాల్లో పేగులో స్థిరపడే సూక్ష్మజీవులే కారణమని భావిస్తారు. పై భాగపు చిన్నపేగు దెబ్బతిని ఫోలిక్ ఆమ్లం పట్టకపోవడం, దాంతో ఎర్ర రక్తకణాలు సరిగా తయారుకాకపోవడం, అరగక, పట్టక మనిషి ఎండిపోవడం దాని తీరు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన సంచాలకుడిగా సుబ్బారావు నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. టామ్ స్పైస్ అనే వైద్యుడు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి గుణం చూశారు. అదే ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాల నుంచి మొదటి టెట్రాసైక్లిన్ మందును వెలికితీశారు, 1948లో అది లోకానికి తెలిసింది. సుబ్బారావు చనిపోయింది కూడా ఆ ఏడాదే. నేటికీ స్ప్రూకు ఇచ్చే చికిత్స కొన్ని నెలల పాటు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్.

సూక్ష్మదర్శిని కింద స్ప్రూ పేగు ముక్క, సీలియాక్ పేగు ముక్క చాలా దగ్గరగా కనిపిస్తాయి. అందుకే వైద్యులు ముందు రక్తపరీక్ష చేయిస్తారు. సీలియాక్‌లో ఒంట్లో తయారయ్యే ప్రత్యేకమైన యాంటీబాడీలను అది పట్టుకుంటుంది. ఇక్కడే ఇప్పుడు కొత్త చిక్కు వచ్చి పడింది. ఫోన్‌లో ఏదో వీడియో చూసి, కడుపు ఉబ్బరంగా ఉందని గోధుమ మానేసి, రెండు మూడు నెలల తర్వాత పరీక్షకు వెళ్లేవాళ్లు పెరుగుతున్నారు. గ్లూటెన్ మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి. పరీక్ష ఏమీ లేదంటుంది. వ్యాధి నిజంగా ఉందో లేదో తేలదు. తేల్చాలంటే వారాల తరబడి మళ్లీ గోధుమ తినాలి. కాబట్టి వరస తప్పకూడదు: ముందు రొట్టెలు తింటూ పరీక్ష, తర్వాతే మానడం. సీలియాక్ ఉందని తేలితే జీవితాంతం మానాలి, అప్పుడప్పుడు ఒక సమోసా కూడా కుదరదు. లేదని తేలితే ఆ శిక్ష అనవసరం.

చిన్నపేగు గోడను కప్పి ఉండే కణాలు మూడు నుంచి ఐదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. మన ఒంట్లో ఇంత వేగంగా మారే కణజాలాలు తక్కువ. గ్లూటెన్ మానేసిన వారిలో చాలామందికి కొద్ది వారాల్లోనే తేడా తెలుస్తుంది. అరిగిపోయిన ఆంత్రచూషకాలు మళ్లీ నిలబడటానికి పిల్లల్లో నెలలు, పెద్దవాళ్లలో ఒక్కోసారి రెండేళ్లకు పైగా పడుతుంది. అవి లేచినప్పుడు వాటి కొనల మీది లాక్టేజ్ కూడా, పుట్టుకతో ఇంకా మిగిలి ఉన్నవాళ్లకు, తిరిగి వస్తుంది. గోధుమ మానేశాక కొందరికి పాలు కూడా పడటం మొదలయ్యేది అందుకే.